సంపాదన ఏమరుపాటుగా మారినప్పుడు

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. రాత్రిని విశ్రాంతి కోసం, పగటిని జీవనోపాధి కోసం ఏర్పరచినవాడు ఆయనే. ఆయన తప్ప మరో ఆరాధ్యుడు లేడని, హజ్రత్ ముహమ్మద్ (స) ఆయన దాసుడు, ఆయన ప్రవక్త అని మనం సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబంపై, ఆయన అనుచరులపై అల్లాహ్ శుభాలు, శాంతి వర్షించుగాక!

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా! పై అంతస్తులో కూర్చుని వింటున్న తల్లులారా, సోదరీమణులారా!

ఈ మింబర్ మీద నుండి మేము సోమరితనాన్ని గురించి ఎన్నోసార్లు హెచ్చరించాము. పనీపాటా లేకుండా వీధి మలుపుల్లో కాలక్షేపం చేసే యువకులను మందలించాము. ఒకరి ముందు చేయి చాచడం విశ్వాసికి తగదని చెప్పాము. అవన్నీ చెప్పవలసినవే. అయితే సోమరితనానికి సరిగ్గా ఎదురుగా నిలిచే రుగ్మత మరొకటుంది. దాన్ని గురించి ఇంతవరకు మేము ఒక్క జుమాలోనూ మాట్లాడలేదు. అది పని వ్యసనం. తాగుబోతు వీధిలో కనిపిస్తే బంధువులు తల దించుకుంటారు. పనికి బానిసైనవాడు కనిపిస్తే అతణ్ణి చూపించి పిల్లలకు బుద్ధి చెబుతారు. లోకం మెచ్చుకునే రోగం కనుక రోగి దాన్ని గుర్తించడు, ఇంటివారు పైకి చెప్పరు, ఇమాములు కూడా దాన్ని తాకరు. ఈ రోజు దాన్ని తాకడానికి ప్రయత్నిద్దాం.

పనికి ఇస్లాం ఇచ్చిన గౌరవం

ముందుగా ఒక అపార్థం తొలగాలి. ఇస్లాం పనిని చిన్నచూపు చూసే ధర్మం కాదు. తన చేతి కష్టంతో సంపాదించి తిన్న ఆహారం కంటే మేలైన ఆహారం మనిషికి మరొకటి లేదని దైవప్రవక్త (స) బోధించారు. దైవప్రవక్త దావూద్ (అలై) సైతం తన చేతి పనితోనే జీవించారని గుర్తు చేశారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సమస్తం వదులుకుని మక్కా నుండి మదీనాకు వచ్చినప్పుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన కృతజ్ఞతతో ఆశీర్వదించి, బజారు ఎటువైపు ఉందో చూపించమని అడిగారు. ఆ దారిన వెళ్ళి, నెయ్యి, జున్ను అమ్మి జీవనం మొదలుపెట్టారు.

మన జుమాకు సంబంధించిన ఆదేశాన్నే చూడండి. జుమా సూరాలో అల్లాహ్ అజాన్ వినగానే క్రయవిక్రయాలు వదిలి రమ్మన్నాడు. నమాజు ముగియగానే భూమిలో విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమన్నాడు. అంటే రోజంతా పని మానమని ఆజ్ఞాపించలేదు. పిలుపు వచ్చినప్పుడు పని ఆగాలి, పిలుపు నెరవేరాక పని సాగాలి. విశ్వాసి పనికీ, వ్యసనపరుని పనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. విశ్వాసి పని ఆపితే ఆగుతుంది. వ్యసనపరుని పని ఆగదు.

బజారు ఏమరపరచిన వేళ

మదీనాలో ఒక శుక్రవారం జరిగిన సంఘటన ఆ సూరా చివరి ఆయతులో ప్రస్తావనకు వచ్చింది. దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా సరుకుల బిడారు ఊళ్ళోకి వచ్చింది. అవి ఆహారానికి కటకటగా ఉన్న రోజులని వ్యాఖ్యాతలు వ్రాశారు. బిడారు వచ్చిందని తెలియగానే జనం లేచి అటు వెళ్ళిపోయారు. పన్నెండుగురు మాత్రమే మిగిలారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఆ పన్నెండుగురిలో హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) ఉన్నారని సహీహ్ ముస్లిం ఉల్లేఖనంలో ఉంది.

ఈ సంగతి మీలో చాలామంది విన్నదే. కాని దీనికి జోడించి చూడవలసిన మరో సంగతి ఉంది. అనేక సంవత్సరాల తరువాత హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి) హజ్రత్ ఉమర్ (రజి) గారి ఇంటికి వచ్చి, లోనికి రావడానికి మూడుసార్లు అనుమతి అడిగి, జవాబు రాకపోయేసరికి తిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయారని అడిగితే, మూడుసార్లు అడిగినా అనుమతి రాకపోతే వెనుదిరగమని దైవప్రవక్త (స) ఆదేశించారని బదులిచ్చారు. దీనికి సాక్షిని తెమ్మన్నారు హజ్రత్ ఉమర్. అబూసయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ మాట విన్న హజ్రత్ ఉమర్, ఈ ఆదేశం తనకు తెలియకుండా పోయిందే అని ఆశ్చర్యపడి, బజారులోని క్రయవిక్రయాలు తనను ఏమరపరచాయని అందరి ముందు ఒప్పుకున్నారు.

సోదరులారా! బిడారు వచ్చిన నాడు కదలకుండా కూర్చున్న పన్నెండుగురిలో ఒకరు ఈ మాట అంటున్నారు! ఆయన సంపాదన హలాల్. ఆయన వ్యాపారం నిజాయితీ గలది. అయినా అది తన నుండి ఏదో ఒకటి లాక్కుపోయిందని ఆయన గుర్తించారు, గుర్తించి దాచుకోలేదు. హలాల్ సంపాదన కూడా మనిషిని ఏమరపరచగలదన్న సత్యాన్ని ఇంతకంటే గొప్ప సాక్షి ఎవరు చెప్పగలరు?

హజ్రత్ ఉమర్ (రజి) వాడిన ఆ అరబీ మాటకు మూలం ‘లహ్వ్’. ముఖ్యమైనదాని నుండి మనసును మళ్ళించి, అంతకంటే అల్పమైనదానిలో ముంచివేయడం అని దాని భావం. దివ్య ఖుర్ఆన్ ఈ మాటను సంపద సందర్భంలో మళ్ళీ మళ్ళీ వాడింది. బిడారు ఆయతులో అదే మాట ఉంది. మీ సంపదలు, సంతానం మిమ్మల్ని దైవస్మరణ నుండి ఏమరపరచరాదని మునాఫిఖూన్ సూరా హెచ్చరించినప్పుడూ అదే మాట. వ్యాపారం ఏమరపరచలేని పురుషులను నూర్ సూరా ప్రశంసించినప్పుడూ అదే మాట. గమనించండి, ఆ పురుషులు వ్యాపారం మానేసినవారని అల్లాహ్ చెప్పలేదు. వారికి వ్యాపారం ఉంది, అయితే వ్యాపారం చేతికి వారు చిక్కలేదు. ఇక తకాసుర్ సూరా ఆ మాటతోనే మొదలవుతుంది. ఇంకా ఇంకా కావాలనే పోటీ మనుషులను సమాధుల దాకా ఏమరపరచిందని ఆ సూరా మందలిస్తుంది. ‘ఇంకా’ అంటే దేనిలో? ధనంలోనా, ఆర్డర్లలోనా, హోదాలోనా? ఆ సూరా పేరు పెట్టి చెప్పలేదు. కాబట్టి ఎవరి ‘ఇంకా’ను వారే అందులో నింపుకుని చదువుకోవాలి.

అవసరం వేరు, వ్యసనం వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన జమాఅత్‌లో అద్దె ఆటో నడిపే సోదరులు ఉన్నారు. పొద్దున ఫజ్ర్ తరువాత బండి తీసి రాత్రి పదకొండింటికి ఇంటికి చేరతారు. అద్దె, వడ్డీ, పిల్లల ఫీజు వారి వెనుక నిలబడి తరుముతాయి. ఎక్కువ గంటలు పనిచేసే ప్రతివాడూ వ్యసనపరుడు కాడు. అటువంటి సోదరుణ్ణి చూసి, ఇంత పని ఎందుకయ్యా అని ఉపదేశించడం అన్యాయం. అతనికి మన ఉపదేశం అక్కరలేదు. అతని అప్పు తీర్చే ఖర్జె హసన కావాలి, మన జకాత్ కావాలి. వాటిని సమకూర్చడం ఈ మస్జిదులో కూర్చున్న మన బాధ్యత.

అలాగే యజమానులైన సోదరులు ఒక మాట గుర్తుంచుకోవాలి. మన చేతి కింద పనిచేసేవారు మన సోదరులని, శక్తికి మించిన భారం వారిపై మోపరాదని, మోపితే మనం కూడా చేయి వేసి సాయపడాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. తన వ్యసనాన్ని తన పనివారి మెడకు కట్టే యజమాని రెండు పాపాలు మూటగట్టుకుంటాడు.

మేము ప్రస్తావిస్తున్నది అవసరం తీరిన తరువాత కూడా ఆగలేనివారిని గురించి. అవసరం తీరితే శాంతిస్తుంది, వ్యసనం తీరేకొద్దీ పెరుగుతుంది. ఆదం సంతతివానికి ఒక లోయ నిండా బంగారం ఇచ్చినా రెండో లోయ కోరతాడని, అతని నోటిని మట్టి తప్ప మరేదీ నింపలేదని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ హదీసు అక్కడితో ముగియదు. పశ్చాత్తాపంతో మరలినవాని వైపు అల్లాహ్ కరుణతో మరలుతాడన్న శుభవార్త దాని చివర ఉంది. ఆ చివరి వాక్యమే మన ఈనాటి ప్రసంగానికి ఆధారం.

గుర్తించడం ఎలా?

ప్రతి మనిషీ తన లెక్క తాను చూసుకోవడాన్ని మన పెద్దలు ముహాసబా అన్నారు. దుకాణం లెక్కలు రోజూ చూసుకునే మనం కొన్ని ప్రశ్నలు మనసుకు వేసుకుందాం.

నమాజులో సలాం చెప్పగానే మన చేయి ముందు దేనివైపు వెళుతోంది? తస్బీహ్ వైపా, జేబులోని ఫోన్ వైపా?

సెలవు రోజున, పండుగ రోజున మనకు ఊరట కలుగుతోందా, చిరాకు కలుగుతోందా? ఈద్ నాడు అతిథుల మధ్య కూర్చుని కూడా పనిని తలచుకుని కాలు ఆడిస్తున్నామా?

ఇంకో అరగంటలో వస్తానని ఇంటికి చెప్పి మూడు గంటల తరువాత వెళ్ళడం మనకు అలవాటైందా? ఇంటివారు నిద్రపోయాక దొంగచాటుగా పని తెరుస్తున్నామా? మద్యపానానికి అలవాటుపడినవాడు సీసా దాచుకున్నట్లు మనం పనిని దాచుకుంటున్నామా?

ఈ అప్పు తీరితే చాలు, ఈ ఇల్లు పూర్తయితే చాలు అనుకున్న హద్దు దాటిపోయాక కూడా మనం మరో హద్దు గీసుకున్నామా? ఇలా ఎన్ని గీశాము?

శరీరం ఇచ్చిన హెచ్చరికలను వాయిదా వేస్తున్నామా? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అధ్యయనాన్ని ప్రకటించాయి. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని అది తేల్చింది. 2016 ఒక్క సంవత్సరంలోనే ఇటువంటి దీర్ఘకాలపు పనివేళలకు ముడిపడిన మరణాలు 7,45,000 అని అంచనా వేసింది. శరీరం మన సొత్తు కాదు, అమానతు. దాన్ని దేనిలో అరగదీశామో ప్రళయదినాన అడుగుతారని దైవప్రవక్త (స) ముందే తెలియజేశారు.

చివరి ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. పని లేకపోతే మనకు ఏది ఎదురవుతుందని భయపడుతున్నాము?

ఒక సోదరుని సంగతి

ఈ ప్రశ్నకు జవాబు మాకు ఒక సోదరుడు నేర్పాడు. అతని అనుమతితోనే చెబుతున్నాము. అతను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు యజమాని. వెల్డింగ్ కూలీగా మొదలై సొంత షెడ్డు పెట్టాడు. ఇల్లు కట్టాడు, ఆడపిల్లల నికాహ్‌లు చేశాడు, హజ్ చేసి వచ్చాడు. అప్పు లేదు. అయినా రాత్రి పదింటిదాకా షెడ్డు వదిలేవాడు కాదు. గుండెకు స్టెంట్ వేసిన మూడో రోజున మేము పరామర్శకు వెళితే, ఆసుపత్రి మంచం మీద నుండి ఛాసిస్ కొలతలు ఫోన్‌లో చెబుతున్నాడు. భార్య కిటికీ వైపు తిరిగి నిలుచుని ఉంది.

కొన్నాళ్ళకు ఒక రోజు అస్ర్ నమాజు తరువాత మస్జిదులో మా పక్కన కూర్చుని అతను ఒక మాట చెప్పాడు. అతని చిన్నతనంలో తండ్రికి పని పోయింది. అప్పులవాళ్ళు ఇంటి ముందుకు వచ్చి తండ్రిని పేరు పెట్టి పిలిచేవారు. తండ్రి లోపలే ఉండి, లేడని చెప్పమని ఈ పిల్లవాణ్ణి పంపేవాడు. ఇప్పటికీ షెడ్డు షట్టరు కిందికి దించుతుంటే ఆ అరుపులు వినిపిస్తాయి హజ్రత్, అన్నాడు. అతని వయసు అప్పటికి 54 ఏళ్ళు.

అంతవరకు అతనిది దురాశ అని మేము అనుకున్నాము. అది భయం. సోదరులారా! పనికి బానిసైన చాలామందిని తరిమేది ధనం మీద ప్రేమ కాదు. కొందరిని పాత పేదరికం తరుముతుంది. కొందరిని ఇంట్లోని కలహం, కొందరిని చనిపోయిన బిడ్డ జ్ఞాపకం, మరికొందరిని పని లేకపోతే తమకు విలువ లేదన్న అనుమానం తరుముతాయి. వారు పనిలో దాక్కుంటారు. దాక్కున్నవాణ్ణి తిట్టి బయటికి తీసుకురాలేము. ఏ ప్రాణీ తన ఉపాధిని పూర్తిగా పొందనిదే మరణించదని, కాబట్టి అన్వేషణలో మితం పాటించమని దైవప్రవక్త (స) బోధించినది ఇటువంటి భయానికి మందు. రిజ్క్ బాధ్యత అల్లాహ్‌ది. మనది ప్రయత్నం మాత్రమే. ప్రయత్నానికి ఒక షట్టరు ఉండాలి.

మా తప్పు

ఇతరుల రోగాన్ని వర్ణించి మాది దాచుకుంటే ఈ ఖుత్బాకు విలువ ఉండదు. ‘వర్కహాలిక్’ అనే ఇంగ్లీషు మాటను జనంలోకి తెచ్చినవాడు వేన్ ఓట్స్ అనే అమెరికన్. ఆయన క్రైస్తవ బోధకుడు, మతమనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. 1971లో వెలువడిన తన పుస్తకంలో ఆ వ్యసనం తనదేనని ఒప్పుకున్నాడు. మతబోధకులకు ఈ రోగం త్వరగా అంటుతుంది. కారణం తేలికగా అర్థమవుతుంది. మా పనికి ధర్మం అనే పేరుంటుంది. ధర్మకార్యం చేస్తున్నవాణ్ణి చాలించమని ఎవరు అనగలరు?

కొన్ని సంవత్సరాలు మేము అలాగే గడిపాము. పొద్దున మదరసా పాఠాలు, మధ్యాహ్నం నికాహ్‌లు, సాయంత్రం తగవుల పరిష్కారం, రాత్రి పక్క ఊళ్ళలో జల్సాలు. మా తల్లిగారు ఇషా తరువాత కాసేపు తన దగ్గర కూర్చోమని అడిగేవారు. ఆమెకు చెప్పుకోవలసిన పాత సంగతులు ఉండేవి. ఈ వారం జల్సా అయిపోనీ అమ్మీ, వచ్చే వారం కూర్చుంటాను అనేవాళ్ళం. తల్లి పట్ల సత్ప్రవర్తనను గురించి ఆ జల్సాల్లోనే గంటసేపు ప్రసంగించేవాళ్ళం. చివరకు తీరిక చేసుకుని ఆమె మంచం పక్కన కూర్చునేనాటికి ఆమెకు వినికిడి పోయింది. ఇప్పుడు మేము రోజూ కూర్చుంటున్నాము. ఆమె మా చేయి పట్టుకుని మా ముఖం చూస్తూ ఉంటారు. ఏమి చెప్పాలనుకున్నారో మాకు ఇక తెలియదు. బజారు ఉమర్‌ను (రజి) ఏమరపరిచినట్లు మమ్మల్ని మింబర్ ఏమరపరచింది.

ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు పనికి ఉండదా? హజ్రత్ అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అన్నట్లు ఉండేవారు. ఆయన ధార్మిక సోదరుడైన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వారింటికి వచ్చి, ఇంటి ఇల్లాలు అలంకరణ మాని మాసిన బట్టలతో ఉండటం చూసి సంగతి గ్రహించారు. మిత్రునితో ఉపవాసం విరమింపజేసి తనతో భోజనం చేయించారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో లేపి ఇద్దరూ నమాజు చేశారు. ప్రభువుకు హక్కు ఉందని, నీ ప్రాణానికి హక్కు ఉందని, నీ ఇంటివారికి హక్కు ఉందని, ఎవరి హక్కు వారికివ్వమని చెప్పారు. ఈ సంగతి దైవప్రవక్తకు (స) చేరితే సల్మాన్ నిజం పలికాడన్నారు. ఆ ఇంటి లోపాన్ని మొదట బయటపెట్టింది గ్రంథం కాదు, ప్రసంగం కాదు, ఆ ఇల్లాలి మాసిన బట్టలు. మన ఇంట్లో ఏది మాసిపోయి ఉందో చూసుకుందాం.

అల్లాహ్ మనందరికీ ఈ సత్యాన్ని గ్రహించే భాగ్యం ప్రసాదించుగాక! మన పాపాలను మన్నించుగాక!

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. దైవప్రవక్తపై (స) శుభాలు, శాంతి కలుగుగాక!

సోదరులారా! రోగాన్ని గుర్తించాము. ఇక తౌబా ఎలా?

తౌబాకు ధర్మవేత్తలు మూడు షరతులు చెప్పారు. తప్పును వదలడం, దానికై చింతించడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. ఆ తప్పులో సాటి మనిషి హక్కు ఇమిడి ఉంటే నాలుగో షరతు చేరుతుంది. ఆ హక్కును తిరిగి ఇవ్వాలి. మద్యానికి బానిసైనవాడు మద్యాన్ని పూర్తిగా వదిలివేయగలడు. పనిని అలా వదలలేము. ఇంటిల్లిపాదినీ పోషించడం మనపై ఉన్న విధి. కనుక మన తౌబా పనిని వదలడం కాదు, పనికి హద్దు కట్టడం. ఆ హద్దులను మనం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. రోజుకు ఐదుసార్లు మస్జిదు నుండి అవి వినబడుతూనే ఉన్నాయి.

మర్వ్ నగరంలో ఇబ్రాహీం బిన్ మైమూన్ అనే స్వర్ణకారుడు ఉండేవారు. హదీసు ఉల్లేఖకుల్లో ఒకరు. సుత్తి ఎత్తిన క్షణంలో అజాన్ వినబడితే ఆ దెబ్బ కూడా వేసేవారు కారని ఆయన జీవిత చరిత్రలో వ్రాశారు. ఆటోనగర్ సోదరులకు ఆ దెబ్బ విలువ తెలుసు. ఎర్రగా కాలిన ఇనుము మీద ఒక్క దెబ్బ ఆపడం ఎంత కష్టమో తెలుసు. ఈ వారం మొదలుపెట్టవలసిన మొదటి సాధన ఇదే. రోజుకు ఒక్క నమాజుకైనా, అజాన్ మొదటి మాటకే చేతిలోని పనిముట్టును, ఫోన్‌ను, కీబోర్డును దించుదాం. తక్కువైనా నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైనది.

రెండవ సాధన ఇషాకు సంబంధించినది. ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తరువాత కబుర్లతో కాలం గడపడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. రాత్రివేళ పని మాటలు ఇంట్లోకి తేకుండా ఉండటానికి ఇంతకంటే మంచి సరిహద్దు లేదు. రాత్రి షిఫ్టులు తప్పనివారు తమ వేళలకు తగినట్లు మరో హద్దు పెట్టుకోవాలి.

మూడవది, భారాన్ని పంచుకోవడం. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో నివసించేటప్పుడు తన పొరుగు అన్సారీ సోదరునితో ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక రోజు ఈయన, ఒక రోజు ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళేవారు. వెళ్ళినవారు ఆ రోజు విన్న సంగతులు రెండోవారికి చేరవేసేవారు. తాను లేకపోతే పని జరగదన్న భ్రమ వ్యసనపరుని గొలుసు. మరొకరికి తాళంచెవి ఇవ్వగలిగిన రోజున ఆ గొలుసు తెగుతుంది.

నాలుగవది, హక్కుల చెల్లింపు. ఇంటివారి దగ్గర కూర్చుని, మీ హక్కు ఎక్కడ పోయిందో చెప్పండని అడుగుదాం. సమాధానం చెప్పకుండా, సమర్థించుకోకుండా విందాం. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక సముదాయం మొత్తాన్ని నడిపించిన మహనీయునికి ఇంటి పనికి తీరిక ఉంది. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ అన్నప్పుడు, కరుణ చూపనివానిపై కరుణ చూపబడదని ఆయన హెచ్చరించారు. పిల్లలకు ఫీజు కట్టడం పోషణ. పక్కన కూర్చోవడం కరుణ. మొదటిది రెండోదానికి బదులు కాదు.

ఐదవది, ఒంటరిగా పోరాడకపోవడం. నిద్ర పట్టక, గుండెదడతో, పని ఆపితే చేతులు వణికే స్థితికి చేరినవారు వైద్యుణ్ణి కలవాలి. మానసిక వైద్యుణ్ణి సంప్రదించడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధం కాదు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది. మా దగ్గరికి వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. మేమూ ఇదే రోగం నుండి కోలుకుంటున్నవాళ్ళమే కనుక తీర్పు చెప్పము.

ఆ షెడ్డు సోదరుని సంగతి ఏమైందో చెప్పి ముగిస్తాము. తాళంచెవి మేనల్లునికి ఇచ్చాడు. మొదటి నెలంతా మగ్రిబ్ తరువాత మళ్ళీ ఆటోనగర్ వెళ్ళి షట్టరు వేసి ఉందో లేదో చూసి వచ్చేవాడు. తరువాత అది వారానికి రెండుసార్లయింది. ఇప్పటికీ ఒక్కోసారి వెళతాడు. వెళ్ళిన మరునాడు వచ్చి, నిన్న మళ్ళీ వెళ్ళాను హజ్రత్ అని చెబుతాడు. చెప్పి నవ్వుతాడు. అతను పూర్తిగా నయమయ్యాడని మేము అనము. దాచుకోవడం మానేశాడు. హజ్రత్ ఉమర్ (రజి) మార్గం అదే. ఏమరుపాటు రానివాడు కావడం మనవల్ల కాదు. వచ్చినప్పుడు పేరు పెట్టి చెప్పగలగడం మనవల్ల అవుతుంది.

కొద్ది నిమిషాల్లో నమాజు ముగుస్తుంది. ఆ తరువాత అల్లాహ్ ఆజ్ఞ ప్రకారమే బజారులకు వెళదాం, షెడ్లు తెరుద్దాం. వెళ్ళేటప్పుడు సాయంత్రం ఏ వేళకు తిరిగి వస్తామో ఇంటికి చెప్పి వెళదాం. ఆ వేళకు వద్దాం.

ఓ అల్లాహ్! సోమరితనం నుండి, అప్పుల భారం నుండి, భయం నుండి, అంతులేని ఆశ నుండి మమ్మల్ని కాపాడు. మాకు ధర్మసమ్మతమైన ఉపాధినివ్వు, దానిలో శుభాన్నివ్వు, దాన్ని చాలనుకునే మనసునివ్వు. అప్పుల్లో నలిగిపోతున్న మా సోదరులకు మార్గం చూపు, వారికి ఆసరా కాగల హృదయం మాకు ప్రసాదించు. మా తల్లిదండ్రులు మాట్లాడగలిగినప్పుడే వినే చెవులను మాకివ్వు. మా భార్యాబిడ్డల హక్కులను కాలరాసిన మా తప్పులను మన్నించు, వాటిని తీర్చుకునే గడువునివ్వు. మా ఆఖరి రోజున మా చేతులు పనిలో ఉన్నా మా హృదయాలు నీ వైపే ఉండేలా చెయ్యి.

ఆమీన్. నమాజుకు వరుసలు సరిచేసుకోండి.